వెనక బొత్తాల గౌను

మా ఇంట్లో రెండేళ్ళకి 'సెలవులు' అని పేరు. ఆరేళ్ళప్పుడు నన్ను పెద్దమ్మ ఇంటికి పంపి, ఎనిమిదేళ్ళప్పుడు వెనక్కి తెచ్చుకున్నారు. నాన్న మంచాన పడ్డాడు. ఆయన్నీ ఇద్దరు పిల్లల్నీ చూసుకోవడం అమ్మ వల్ల కాలేదు. ఒకర్ని పంపాలి, నన్ను పంపింది. అక్కని ఉంచుకుంది. సరే, అది అర్థం కానంత మొద్దుని కాను. కానీ ఎప్పుడు ఆ మాట వచ్చినా "మా చిట్టి సెలవులకని వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది" అని నవ్వేస్తారు చూడండి, అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ముప్ఫై అయిదేళ్ళుగా మండుతూనే ఉంది. అమ్మ ఒక్కసారి నా మొహం చూసి "నిన్ను పంపించేశానే" అంటే చాలు. క్షమాపణ కూడా అక్కర్లేదు.

నాకు నోరు లేదని కాదు. బట్టలు కుట్టే కొట్టు నడుపుతున్నాను, చంక దగ్గర బిగుతైందని వచ్చేవాళ్ళతో రోజూ వాదిస్తాను. అమ్మ ముందు మాత్రం నోరు పెగలదు. అందుకే ఫొటోలు తీశాను. పెళ్ళిళ్ళలో తీసేలాంటివి కావు. ముందు నోటుబుక్కులో బొమ్మ గీసుకుని, గది సర్ది, మనిషిని నిలబెట్టి, ఒకప్పుడు జరిగినదాన్ని మళ్ళీ జరిపించి తీసే ఫొటోలు. మొత్తం తొమ్మిది. ఆరు నెలల ఆదివారాలు పట్టాయి.

వాటిలో నేనుగా నటించింది అక్క. కెమెరా వెనక నేనుండాలి కదా, పైగా ఇద్దరివీ ఒకే పోలికలు. నలభై అయిదేళ్ళ మనిషి ఆరేళ్ళ పిల్లలా కనబడాలంటే మనిషిని చిన్నది చెయ్యలేం, ఇంటినే పెద్దది చెయ్యాలి. కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు పెట్టాను, అక్క పాదాలు నేలకి అందకుండా వేలాడాయి. తలుపు గడియ ఊడదీసి రెండడుగులు పైన బిగించాను. కంచం బదులు పెద్ద పళ్ళెం, గ్లాసు బదులు జగ్గు. వెలుతురు కళ్ళలో పొడవకుండా కిటికీకి తెల్ల దుప్పటి కట్టాను. అక్క ఎక్కడ నిలబడాలో నేలమీద టేపు ముక్కలు అంటించాను. ఇక నేను ఇల్లు వదిలిన రోజు వేసుకున్న గౌను, నీలం మీద తెల్ల చుక్కలది, దాన్ని అక్క కొలతలకి నేనే కుట్టాను. అక్క తొడుక్కోవడానికి వీలుగా ఉంటుందని బొత్తాలు ముందు పెట్టాను.

అక్క మనసు పెట్టి చేసింది, కాదనను. నాలుగో ఫొటోలో పిల్ల కొత్త ఇంట్లో మంచం అంచున కూర్చుని, ఎవరో వచ్చి తీసుకెళ్తారని చెప్పులు విప్పకుండా చూస్తుంటుంది. అది తీస్తుండగా అక్క ఏడ్చేసింది.

"ఇన్నాళ్ళూ ఇదంతా కడుపులో పెట్టుకుని తిరిగావా చిట్టీ?"

నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఆ మంచం మీదే కూర్చుని తనివితీరా ఏడ్చాం. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఇక చాలు ఆపు, ఈ ఫొటోలో పిల్ల ఏడవదు" అన్నాను. ఏడుపులోనే నవ్వొచ్చింది ఇద్దరికీ. లోకంలో నా పక్షాన ఒక మనిషి ఉందని ఆ రోజు నమ్మాను.

ఫొటోలు ప్రదర్శనకి పెట్టుకోమని లైబ్రరీ మేడమీద గది మూడు రోజులకి ఇచ్చారు. పొద్దున్నే వెళ్ళి తొమ్మిదీ గోడలకి తగిలించాను. సాయంత్రం నాలుగింటికి అమ్మని తీసుకొచ్చే పని అక్కకి అప్పగించి కొట్టుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆ గది గుమ్మం ముందు ఒక స్టాండు, దానిమీద ఒక అట్ట.

'ఈ చిత్రాలలోని వ్యక్తులు, సంఘటనలు కేవలం కల్పితం. ఎవరినీ ఉద్దేశించినవి కావు.'

గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టు వరసగా. ఇరవై ఏళ్ళుగా బడిలో నల్లబల్ల మీద రాసే చెయ్యి అది. మా అక్కది.

గుమ్మం పక్క బల్ల దగ్గరున్న లైబ్రేరియన్ నా మొహం చూసి లేచి వచ్చాడు. "మీ అక్కగారు మధ్యాహ్నం తెచ్చిపెట్టారండి. మీరే పంపారన్నారు. ఏమైనా పొరపాటా?"

ఆయన్ని దాటుకుని వెళ్ళాను. లోపల అమ్మ మూడో ఫొటో ముందుంది. కళ్ళజోడు సవరించుకుంటూ "ఎంత బాగా చేశావే పెద్దదానా, అచ్చం చిన్నపిల్లలాగే ఉన్నావు" అంటోంది. అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. జబ్బ పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాను.

"ఏంటక్కా అది?"

"నెమ్మదిగా మాట్లాడు. అందరూ చూస్తున్నారు."

"చూడ్డానికే కదా పిలిచాను. అది ఎందుకు పెట్టావు?"

"అమ్మ పెట్టమంది. అలా రాసి పెడితేనే వస్తానంది. రాకపోతే నువ్వు కుమిలిపోతావని..."

"ఆగాగు. లోపల ఏమున్నాయో అమ్మకెలా తెలుసు?"

"నేనే చెప్పాను." పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఉన్నట్టుండి చూస్తే తట్టుకోలేదు కదే. అందుకని ఏ వారం తీసినవి ఆ వారం చెప్తూ వచ్చాను."

"మంచం ఫొటో కూడానా?"

"అన్నీ."

"నేను ఏడ్చింది కూడా చెప్పావా?"

అక్క తల దించుకుంది. ఆరు నెలలు, ప్రతి ఆదివారం, నేను సామాను సర్దుకుని ఇంటికెళ్ళగానే ఇది అమ్మకి ఫోను చేసింది. ముప్ఫై అయిదేళ్ళు దాచుకున్నదాన్ని ఒక్క మనిషికి విప్పి చూపిస్తే, ఆ మనిషి దాన్ని తీసుకెళ్ళి ఎవరికి చెప్పకూడదో వాళ్ళకే చెప్పింది. ఇద్దరూ కలిసి కూర్చుని దానికి కల్పితం అని పేరు పెట్టారు.

"నువ్వసలు నా దగ్గరికి ఎందుకొచ్చావు అక్కా? నటించడానికా, నామీద కన్నేసి ఉంచడానికా?"

"అమ్మకి ఎవరున్నారే నేను తప్ప?" అంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి లేదని దానికి తట్టనుకూడా లేదు.

నేను లోపలికి వెళ్ళాను. అమ్మ చివరి ఫొటో దగ్గరికి వచ్చేసింది. అది నేను ఇల్లు వదిలిన రోజు: చుక్కల గౌను పిల్ల, చేతిలో సంచి, ఎత్తైన గడియ, మూసిన తలుపు. అమ్మ చాలాసేపు చూసింది. అలికిడి విని, నావైపు తిరక్కుండానే అంది.

"బొత్తాలు వెనక ఉండేవి."

"ఏంటమ్మా?"

"ఆ గౌనుకి. వెనక కుట్టాను, ఆరు బొత్తాలు, కావాలనే. నీ చెయ్యి అందదు కదా. రోజూ ఎవరో ఒకరు నిన్ను దగ్గరికి తీసుకుని విప్పాలి. అలాగైనా మీ పెద్దమ్మ నిన్ను ముట్టుకుంటుందని."

అన్నీ గుర్తున్నాయి ఈవిడకి, ఎన్ని బొత్తాలో కూడా. నాకూ అప్పుడే గుర్తొచ్చింది. బట్ట, చుక్కలు, కుచ్చులు అన్నీ సరిగ్గా కుట్టి, దర్జీపని చేసేదాన్నై ఉండి కూడా ఆ ఒక్కటీ మర్చిపోయాను.

"ఎవరూ విప్పలేదమ్మా" అన్నాను. "పెద్దమ్మ చెడ్డది కాదు, పిల్లల్ని ముట్టుకోవడం అలవాటు లేదంతే. తలమీంచి లాక్కునేదాన్ని. వారానికే మెడ దగ్గర చిరిగిపోయింది."

అమ్మ పెదవులు కదిలాయి. వస్తోంది, ఆ మాట వచ్చేస్తోంది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, పక్కన ఫొటో చూస్తున్న పెద్దాయన ఒకరు మా వైపు వచ్చి, "ఇది ఎవరికైనా నిజంగా జరిగిందా తల్లీ?" అని అమ్మని అడిగారు.

"లేదండీ" అంది అమ్మ. "ఊరికే కథ. గుమ్మం దగ్గర రాశారుగా, చూళ్ళేదా?"

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. నేను బయటికి నడిచాను. లైబ్రేరియన్ బల్లమీద లావు పెన్ను ఉంటే అడిగి తీసుకున్నాను. అట్ట తిప్పితే వెనక ఖాళీగా ఉంది. నా చేతిరాత అక్క రాతలా ఉండదు, వంకరటింకరగానే రాశాను.

'ఈ ఫొటోలలో ఒక తప్పు ఉంది. చివరి ఫొటోలో గౌనుకి బొత్తాలు వెనక ఉండాలి. ఈ సంగతి మా అమ్మ చెప్పింది. మిగిలినదంతా నాకు జరిగింది.'

స్టాండు మీద పెట్టి పక్కనే నిలబడ్డాను. అక్క వచ్చి చదివి, తీసెయ్యబోయింది.

"చెయ్యి వేశావంటే ఊరుకోను" అన్నాను. వెనక్కి తగ్గింది.

అమ్మ వచ్చింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. 'మా అమ్మ చెప్పింది' దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుని, "పదవే, చీకటి పడుతుంది" అంది, అక్కతో.

ఆ లైబ్రరీ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోకుండా దిగలేరు. మెట్ల మొదట్లో నేనే ఉన్నాను, చెయ్యి చాచే ఉంచాను. అమ్మ నన్ను దాటుకుని వెళ్ళి, అవతల ఉన్న అక్క చెయ్యి పట్టుకుంది.