నాలుగు స్వరాల తర్వాత

చేమదుంపల తొక్క తీయడానికి సుమియె పరిచిన పేపర్లోనే ఆ వార్త ఉంది. ఆటల పేజీలో అట్టడుగున, సముద్రపు పోటు వేళల పట్టిక పక్కన, ఏడు పేర్లు. వచ్చే ఏటి జట్టులో చోటు లేనివాళ్లట. మూడో పేరు మొగామిది. అప్పటికే దాని మీద రెండు దుంపల మట్టి పడింది. ఆమె మునివేళ్లతో మట్టిని పక్కకు నెట్టి మళ్లీ చదివింది. పేరు మారలేదు.

ఊరి బేస్‌బాల్ జట్టు ఇసొహామా కొంగలు ఆ ఏడు ఆరు జట్లలో ఆరోదిగా నిలిచాయి. అంతకు ముందేడూ ఆరోదే. ఓటమి ఆమెకు కొత్త కాదు. పెళ్లయి ఈ ఊరొచ్చిన ముప్పై ఏళ్లలో జట్టు నెగ్గిన ఏళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. మొగామి కూడా గొప్ప ఆటగాడేమీ కాదు. ఆట చిక్కున పడ్డప్పుడు ఇంకొకరి బదులు ఒక్కసారి బ్యాటు పట్టుకుని వచ్చేవాడు. పదిసార్లు వస్తే రెండుసార్లు కొట్టేవాడు. ముప్పై అయిదేళ్లు నిండాయి, మోకాలు బాగోదు. తీసేయడం న్యాయమేనని ఎవరైనా అంటారు.

ఆమె గుండెల్లో రాయి పడింది ఆటగాడి కోసం కాదు, పాట కోసం.

కొంగల జట్టులో ప్రతి ఆటగాడికీ ఒక పాట ఉంటుంది. దాన్ని కట్టేది జట్టు కాదు, కుడివైపు స్టాండులో కూచునే అభిమానుల దండు. ఆటగాడు బ్యాటు పట్టుకుని నడిచి వస్తుంటే బాకాలు ఎత్తుకుంటాయి, డోలు అందుకుంటుంది, నాలుగు వేల మంది లేచి నిలబడి పాడతారు. మొగామి పాట కట్టింది సుమియె భర్త హిరుకావా యసుహికో. ఓడలు కట్టే యార్డులో వెల్డరు, దండులో బాకా వాయించేవాడు. జన్మకి ఒకే ఒక్క పాట కట్టాడు. అప్పటికే యార్డు పొగ అతని ఊపిరితిత్తుల్ని సగం తినేసింది. నాలుగు స్వరాలు ఊదేసరికి గుక్క అందేది కాదు. ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకునేవాడు. దండు వాళ్లు అలాగే రాసుకున్నారు, అలాగే నేర్చుకున్నారు. ఆ నాలుగు స్వరాల తర్వాత స్టాండంతా ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోయి, తర్వాత విరుచుకుపడేది. ఎంత మంచి ఎత్తుగడ అని వేరే ఊళ్ల దండులు కూడా మెచ్చుకున్నాయి. అది ఎత్తుగడ కాదు, ఆయాసమని సుమియెకి ఒక్కదానికే తెలుసు.

మొగామి ఆ నిశ్శబ్దానికి అలవాటు పడ్డాడు. నాలుగు స్వరాలూ అయ్యేదాకా, బంతి ఆడే చోట గీసిన గీత బయటే నిలబడేవాడు. బాకాలు ఆగినప్పుడు తానూ ఒక ఊపిరి పీల్చుకుని, పాట మళ్లీ లేవగానే గీత దాటి లోపల అడుగు పెట్టేవాడు. పేపర్ల వాళ్లు అతనికి 'ఆగే మొగామి' అని పేరు పెట్టారు.

యసుహికో పోయి నాలుగేళ్లయింది. బట్టలు ఎవరికో ఇచ్చేసింది, బాకా దండుకి ఇచ్చేసింది. ఫోటో ఉంది. ఫోటో ఊపిరి తీసుకోదు. ఏడాదికి నలభై యాభైసార్లు, ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనో తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనో, నాలుగు వేల మంది మధ్య నిలబడి ఆమె మొగుడి ఊపిరి వినేది. వెళ్లేది అందుకే. ఆటగాడు అంగీ విప్పితే అతని పాట పెట్టెలోకి పోతుంది. అది దండు కట్టుబాటు.

ఆమె దుంపలు కడగడానికి లేచింది. చేతులు మోచేతుల దాకా దురద పెడుతున్నాయి.

నవంబరు మొదటి ఆదివారం దండు సమావేశం, ఎప్పటిలాగే పెద్దాయన కుజిరాయ్ లాండ్రీ పైగదిలో. కింద ఇస్త్రీ యంత్రాలు ఆపినా ఆవిరి వాసన చాపల్లోంచి పోదు. పన్నెండు మంది వచ్చారు. మధ్యలో గంపెడు కమలాపళ్లు.

"మన కొంగలు ఈ ఏడంతా ఒంటికాలి మీద జపం చేశాయి," అన్నాడు కుజిరాయ్, తన డెబ్భై రెండేళ్ల మోకాళ్లు చాపుకుంటూ. "ఒక్క చేపైనా పడలేదు."

"చేపలెక్కడివి పెద్దాయనా, చెరువే ఎండిపోతే," అంది నగిసా. పంటి డాక్టరు దగ్గర పనిచేసే ఇరవై నాలుగేళ్ల పిల్ల. యసుహికో బాకా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.

నవ్వులయ్యాక కుజిరాయ్ గొంతు తగ్గించాడు. "సుమియమ్మా, ఒక మాట. ఆ పాటని పెట్టెలో పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. సోనొబెకి ఇంకా పాట లేదు. ఇరవయ్యేళ్ల కుర్రాడు, వచ్చే ఏడు మొదటి బంతి నుంచీ వాడే ఆడతాడు. మొగామి అంగీ నంబరు కూడా వాడికే ఇస్తున్నారట. పేరు మార్చి, మాటలు నాలుగు మార్చి ఆ పాట వాడికిచ్చేద్దామా? కట్టినవాడి ఇల్లాలివి, నువ్వు ఊ అంటేనే."

"మొగామి ఆట మానేస్తానని అనలేదు కదా," అంది నగిసా. "పదిహేనో తారీకున తీసేసిన వాళ్లందరికీ పరీక్ష ఉంది. వెళ్తున్నాడట. వేరే జట్టు తీసుకుంటే వాళ్ల దండు వచ్చి పాట అడుగుతుంది. అప్పుడేం ఇస్తాం?"

"ఆ మోకాలిని ఎవరు తీసుకుంటారే? నా మోకాలు ఇస్తాను, తీసుకుంటారేమో అడిగిరా."

"పది రోజులేగా పెద్దాయనా. ఆగి చూద్దాం."

అందరూ సుమియె వైపు చూశారు. పది రోజులు ఆగుదాం అనాలని ఆమెకి తెలుసు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆమె మనసులో వేరే లెక్క నడుస్తోంది. మొగామి ఆటకొకసారి వస్తే గొప్ప. సోనొబె ఆటకి నాలుగుసార్లు వస్తాడు. నాలుగుసార్లు ఆ నాలుగు స్వరాలు, నాలుగుసార్లు ఆ ఊపిరి. ఇప్పుడు ఆగమంటే, ఈలోగా ఎవరైనా సోనొబెకి కొత్త పాట కట్టేస్తే? ఇక్కడ బాకా పట్టిన ప్రతివాడికీ ఒక పాట కట్టాలనే ఉంటుంది.

"ఇచ్చేయండి," అంది.

సుమియె కమలాపండు తొన మీది తెల్లటి పీచు తీస్తూ కూచుంది. అంతా తీసేశాక కూడా తీస్తూనే ఉంది.

పదిహేనో తారీకున ఎవరికీ చెప్పకుండా మూడు గంటలు రైల్లో వెళ్లింది. ఎందుకు వెళ్లిందంటే తనకే తెలియదు. చిన్న మైదానం, సముద్రం వైపు నుంచి కోసే గాలి. స్టాండులో మూడు వందల మంది ఉంటారు, ఒక్కొక్కరి మెడలో ఒక్కో ఆటగాడి పేరున్న తువ్వాలు. పెళ్లికి వచ్చినవాళ్లలా లేరు, చావుకి వచ్చినవాళ్లలానూ లేరు. ఆసుపత్రి వరండాలో కూచున్నవాళ్లలా ఉన్నారు. డోళ్లు, బాకాలు తేకూడదు. నోటితో పాడుకుంటే ఎవరూ కాదనరు. తమవాడు వచ్చినప్పుడల్లా అయిదుగురో పదిమందో లేచి మెల్లిగా పాడి కూచుంటున్నారు.

పక్కన ఒక ముసలాయన ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చాడు. "మా వాడికి ఇరవై మూడేళ్లు. భుజం పోయింది. మీవాడు ఎవరమ్మా?"

"మొగామి."

"ఓ, ఆగే మొగామి. ఆ పాట నాకూ వచ్చు. వేరే జట్టు వాణ్నయినా మెచ్చుకోకుండా ఉండలేం. మీరు ఎత్తుకోండి, నేనూ కలుస్తా."

సుమియె టీ వైపు చూసింది. "గొంతు బాగోలేదు."

మొగామి వచ్చాడు. కొంగల అంగీయే వేసుకున్నాడు, అక్కడ అందరూ పాత అంగీలే. గీత దగ్గరికి నడిచి బయటే నిలబడ్డాడు. తల వంచి బ్యాటు కొన చూస్తూ నిలబడ్డాడు. గాలికి జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమెకి అర్థమైంది. అతను ఆగుతున్నాడు.

నోరు తెరిస్తే నాలుగే స్వరాలు. పాడలేని మనిషి కాదు, అంట్లు తోముతూ రోజూ పాడుకునేదే. కానీ ఇచ్చేసిన పాట. ఇంకొకడిదైన పాటని పాతవాడికి పాడకూడదు. దండు కట్టుబాటు అని తనకు తాను చెప్పుకుంది. అది నిజమే. నిజమైనా, ఆమె నోరు మూసింది కట్టుబాటు కాదు. ఇచ్చేసినదాని గొంతు ఇప్పుడు ఏ మొహంతో లేస్తుంది?

బంతి విసరాల్సిన కుర్రాడు చేతిలో బంతిని తిప్పుతూ చూస్తున్నాడు. అంపైరు ఏదో అన్నాడు. మొగామి ఉలిక్కిపడ్డట్టు తలెత్తి, గీత దాటాడు. మూడు బంతులకీ బ్యాటు గాలినే కోసింది.

రెండోసారీ మూడోసారీ కూడా బయట ఆగాడు. మునుపటికంటే తక్కువ సేపు. నాలుగోసారి ఆగలేదు. సరాసరి వచ్చి నిలబడి మొదటి బంతినే కొట్టాడు. బంతి కుడివైపు చాలా ఎత్తుకి లేచింది. స్టాండులో సగం మంది లేచారు. గోడకి కాస్త ముందు నిలబడి ఉన్న మనిషి రెండడుగులు వెనక్కి వేసి దాన్ని పట్టుకున్నాడు.

"గాలి ఎదురు వచ్చింది," అన్నాడు ముసలాయన. "లేకపోతే వెళ్లిపోయేది."

గేటు దగ్గర ఆటగాళ్లు సంచులు మోసుకుంటూ ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆమె స్తంభం వెనక నిలబడింది. మొగామే చూసి దగ్గరికి వచ్చాడు, వంగి నమస్కరించాడు.

"హిరుకావా గారూ, ఇంత చలిలో ఇంత దూరం వచ్చారా."

"పాట సంగతి..." అంది ఆమె.

"తెలుసండీ. కుజిరాయ్ పెద్దాయన ఫోన్ చేసి నా ఇష్టం అడిగారు. మీరు ముందే సరే అన్నారని చెప్పారు. మీరే అన్నాక నేనెవర్ని కాదనడానికి?" నవ్వాడు. నింద కోసం ఆమె ఆ నవ్వంతా వెతికింది. దొరకలేదు. దొరికితే బాగుండేది. "అయినా చూడండి, అలవాటు. లేదని తెలిసీ ఆగాను. ఆ బంతి విసిరే కుర్రాడు నన్ను చూసి జంకాడేమో అనుకున్నా. కాదు, ఏమిటీ ముసలాడు నిద్రపోయాడా అని చూస్తున్నాడు."

"మీ మోకాలు..."

"అది బాగానే ఉందండీ ఇవాళ. నెపం మోకాలి మీద పెట్టడానికి లేదు." మళ్లీ వంగి, సంచి భుజానికి ఎత్తుకుని వెళ్లిపోయాడు. అతని భార్య కాబోలు, కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సుమియెకి ఆమె నమస్కరించలేదు.

పరీక్ష అయ్యాక అయిదు రోజుల్లోపు ఏ జట్టయినా కావాలనుకుంటే ఫోన్ చేస్తుంది. ఆ అయిదు రోజులూ సుమియె ముల్లంగి దుంపలు కడిగి, జంటలు కట్టి, వరండా వాసానికి వేలాడదీసి ఎండబెట్టింది. ప్రతి పొద్దుటా ముందు వాటిని తడిమి, తర్వాత పేపరు తీసేది. ఆరో రోజుకి ముల్లంగి వంచితే విరగనంత మెత్తబడింది. పేపర్లో ఏమీ రాలేదు. డిసెంబరులో రెండు వాక్యాలు వచ్చాయి, మొగామి ఆట విరమించి మామగారి చేపముద్దలు చేసే కార్ఖానాలో చేరుతున్నాడని. ఆ పేజీ మీద ఆమె ఏ తొక్కలూ తీయలేదు. మడిచి ఎక్కడ పెట్టాలో తెలియక, రెండు రోజులు చేతికి అడ్డొచ్చాక, మిగతా పేపర్లతో కలిపి కట్టేసింది.

ఫిబ్రవరిలో దండు సాధన మొదలైంది. ఊళ్లో బాకాలు ఊదితే జనం కొడతారు కాబట్టి ఎప్పుడూ నది వంతెన కిందే. మీద లారీలు పోతుంటే స్తంభాలు వణుకుతాయి. సుమియె ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని కొత్త మాటల కాగితం పట్టుకుని నిలబడింది. మూడు నెలలుగా దీనికోసమే ఎదురుచూసింది. చేసినదానికి సిగ్గుపడుతూనే ఎదురుచూసింది.

నగిసా యసుహికో బాకా ఎత్తింది. నాలుగు స్వరాలు. సుమియె కళ్లు మూసుకుంది.

పాట ఆగలేదు. నాలుగో స్వరం అయిదో స్వరంలోకి జారి, డోలుతో కలిసి పరుగెత్తింది.

ఆమె కళ్లు తెరిచి చెయ్యెత్తింది. "అక్కడ ఆగాలి కదా. నాలుగు తర్వాత."

"తీసేశాం పిన్నీ," అంది నగిసా బాకా దించి.

కుజిరాయ్ డోలు మీంచి వంగాడు. "సోనొబె ఆగడమ్మా. వాడు కాలు కాలిన పిల్లి. వస్తూనే గీత దాటి నిలబడతాడు. మనం ఆగితే ఆ ఖాళీలోనే బంతి వచ్చి పడుతుంది. పాట మొదలయ్యేసరికి వాడు ఔటై వెళ్లిపోతూ ఉంటాడు. నవ్వులపాలవుతాం. వాణ్ని అడిగితే కూడా గుక్క తిప్పుకోకుండా కొట్టండి, అదే నాకు నచ్చుతుందన్నాడు."

"మొగామి గారి కోసం ఆగేవాళ్లం కదా ఇన్నాళ్లూ," అంది నగిసా. "ఆయన లేరుగా."

అందరూ అలాగే అనుకున్నారన్నమాట. ఆ నిశ్శబ్దం మొగామిదని. సుమియె నోరు తెరిచింది. అది మొగామిది కాదు, మా ఆయనది, ఊపిరి అందక ఆగినది అని చెప్పవచ్చు. చెబితే కుజిరాయ్ టోపీ తీసేస్తాడు, నగిసా కళ్లు తుడుచుకుంటుంది, సోనొబెని ఎలాగో ఒప్పించి తిరిగి పెడతారేమో కూడా. చెప్పబోయేసరికి ఆమెకి గీత బయట తల వంచుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు, వెనక జెండా తాడు చప్పుడుతో. పది రోజులు ఆగలేనిది, ఒక్క క్షణం ఆగమని ఎవరిని అడుగుతుంది?

"ఏం లేదు," అంది. "బాగుంది."

మళ్లీ మొదలుపెట్టారు. ఆమె అందరితో పాటు పాడింది. నాలుగో స్వరం కాగానే పెదవులు వాటంతటవే మూసుకున్నాయి. తెరిచేసరికి పాట చాలా ముందుకి వెళ్లిపోయింది. అందుకోలేకపోయింది.

"పిన్నీ, వెనకబడుతున్నారు."

"అలవాటమ్మా."

"ఆట మొదలయ్యే నాటికి పోతుందిలే," అన్నాడు కుజిరాయ్. "పదండి, మళ్లీ మొదటినుంచి."

వంతెన మీద లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగి, నగిసా బాకా ఎత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సుమియె కాగితం వైపే చూస్తూ, ఈసారి ఊపిరి తీసుకోకుండా, అందరితో పాటు అయిదో స్వరంలోకి దాటిపోయింది.