రెండో మెట్టు మీద రుక్మిణమ్మ

నగరిలో మునస్వామి మరమగ్గాలు పొద్దున ఆరింటికే మొదలవుతాయి. కరెంటు పోయినా ఆయన కంగారుపడడు. "అమ్మా, ఒకసారి దిగమ్మా!" అని కేకేస్తాడు, అంతే. మిద్దె మీద కండెలకి నూలు చుట్టే రుక్మిణమ్మ మెట్టుకొక చుట్టు గిర్రున తిరుగుతూ దిగుతుంది. దిగిన ప్రతి మెట్టుకీ ఆమెలోంచి వెలుగొస్తుంది. ఆ వెలుగులో తెగిన పోగులు ముడేసుకుంటాడు.

మొన్న బుధవారం ఆమె మోకాలు పట్టేసింది. నేలకి రెండు మెట్లుండగా అక్కడే కూలబడింది. పుత్తూరు పోయి కట్టు కట్టిద్దాం రమ్మంటే దిగదు, ఎత్తబోతే తిడుతుంది. మొండి మనిషి మరి! అన్నం కూడా అక్కడికే.

ఆ సాయంత్రమే మనవరాలు స్రవంతి తిరుపతి నుంచి పెట్టె సర్దుకొని వచ్చేసింది. ఎమ్మెస్సీ ఫిజిక్సు. పై స్థాయిలోని ఎలక్ట్రాన్ కిందికి దూకితే వెలుగిస్తుంది కదా, మరి కొన్ని చోట్ల నుంచి ఎందుకు దూకదని వైవాలో అడిగితే పాపం గట్టెక్కలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు. అదే ఆఖరు అవకాశం.

"నేను పోను నాయనా. మగ్గం కాడ కూసుంటా."

"నీ ఇష్టం పాపా" అన్నాడే గానీ మునస్వామి ఆ పూట అన్నం ముట్టలేదు.

స్రవంతి అవ్వకి కంచం తీసుకెళ్లింది. "రెండు మెట్లే గదవ్వా, అట్లే దిగెయ్."

"ఎట్లమ్మే దిగేది? దిగితే వెలుగియ్యాల. అది ఊరికే పోదు, నాలోంచి ఒక చుట్టు పట్టుకొని పోతాది." ఒళ్లోని ఖాళీ కండె చూపించింది. "దీంట్లోంచి పోగు లాగు, సూస్తాం! చుట్టుంటే గదా వచ్చేది. మోకాలు తిరగనీకుంటే నా కాడ చుట్టు యాడుండాది?"

స్రవంతి కంచం కింద పెట్టేసింది. అవ్వ రెండు చేతులూ పట్టుకొని లేపి, ఆ మెట్టు మీదే మెల్లగా ఒక చుట్టు తిప్పింది.

"అబ్బా, నా మోకాలే! చంపేస్తివి గదే!" అని తిడుతూ, నవ్వుతూ ముసలమ్మ ఒక మెట్టు దిగింది, అక్కడ ఇంకో చుట్టు తిప్పితే నేల మీదికొచ్చింది. ఇల్లంతా పసుపు వెలుగు. మునస్వామి మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చాడు. స్రవంతికి ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

సోమవారం పరీక్షాధికారి జయచంద్ర అదే ప్రశ్న వేశాడు.

"అక్కడున్న ఎలక్ట్రాన్ దగ్గర చుట్టు లేదు సార్. వెలుగు పోతూ ఒక చుట్టు తీసుకుపోవాలి. లేకపోతే అక్కడే కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి కాస్త తిప్పితేనే దిగుతుంది."

"ఎవరు చెప్పినారమ్మా?"

"మా అవ్వ సార్. రెండో మెట్టు మీద ఇరుక్కున్నప్పుడు."

ఆయన తలూపి, కాగితం మీద పాస్ అని రాసి, కలం మూశాడు.

"పాపం, ఇప్పుడు యాడుండాది?"

"కిందే సార్. కండెలు చుడతా ఉండాది."