పాటకు పెట్టిన పెరుగు

యేసమ్మ నోటికి ఊళ్ళో అందరూ జడిసేవారు. అందరికంటే ఎక్కువ జడిసింది కోడలు దీవెన. కాపురానికొచ్చిన ఆరేళ్ళలో ఆ పిల్ల వండిన ఏ కూరా అత్తగారి పరీక్షలో గట్టెక్కలేదు. యేసమ్మ ముద్ద నోట్లో పెట్టుకునేది, కళ్ళు మూసుకునేది, "ఉప్పు ఎక్కువైందమ్మాయ్" అనేది. మర్నాడు భయపడి తగ్గిస్తే "చప్పగా తగలడింది" అనేది. ఈ రెండింటికీ మధ్య ఉప్పు ఎక్కడ ఆగాలో దీవెనకి ఎప్పటికీ అర్థం కాలేదు. అత్తగారి నోరు ఒక్కరోజు మూతపడితే బాగుండునని పైకి అనలేదు గానీ, మనసులో అనుకోలేదని మాత్రం చెప్పలేం.

రెండు వేల ఏడు వేసవిలో ఆ నోరు నిజంగానే మూతపడింది. గొంతులో గడ్డ అన్నారు, విజయవాడ తీసుకెళ్ళి రేడియేషను కరెంటు పెట్టించారు. గడ్డ కరిగిందన్నారు గానీ నోరంతా పూసిపోయింది. జావ పోస్తే మంట, పాలు పోస్తే మంట. ఏం పెట్టినా మన్ను తిన్నట్టుందని గుసగుసగా చెప్పేది. తరువాత అదీ చెప్పడం మానేసి, గ్లాసు పక్కకి నెట్టేయడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పెక్కువైందని తిట్టే మనిషి లేని వంటింట్లో దీవెనకి దిక్కు తోచలేదు.

శుక్రవారం ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు గారు చీటీ రాస్తూ తేల్చి చెప్పేశారు. "సోమవారం మళ్ళీ తీసుకురండి. ఈలోగా నోటితో ఏదో ఒకటి మింగడం మొదలుపెట్టాలి. లేకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనండి."

మండవల్లి బస్సులో యేసమ్మ కొడుకు నెహెమ్యా చెయ్యి పట్టుకుంది. "గొట్టం వద్దురా. మీ నాన్నకి వేశారు. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. సోమవారం నేను బస్సెక్కను" అంది, గాలి తప్ప గొంతు లేని మాటల్లో. యేసమ్మ ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు. నెహెమ్యా కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో నర్సమ్మ చెప్పిన మాట దీవెన పట్టుకుంది. "చల్లగా, మెత్తగా, పులుపు లేకుండా ఏదైనా పెట్టి చూడండమ్మా. నోరు తిమ్మిరెక్కితే మింగుతారు." బస్టాండులో కప్పు ఐసుక్రీము కొని పెట్టింది. ఎసెన్సు మంటకి యేసమ్మ ఉమ్మేసింది. సరే, ఇంట్లోనే చేస్తానంది దీవెన. పుల్లబడని కమ్మటి గేదె పెరుగు, మాగిన పండు, ఇంత పంచదార. అందులో మండటానికి ఏముంది?

శనివారం పొద్దున్నే పెరుగు పాత నూలుచీర ముక్కలో మూటగట్టి వంటింటి కిటికీ చువ్వకి వేలాడదీసింది. నీళ్ళన్నీ కారిపోయి మూటలో వెన్నలాంటి ముద్ద మిగిలింది. పండ్లకోసం వెతుకుతుంటే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టగానే సపోటాలు తగిలాయి. నొక్కితే వేలు దిగేలా మాగి ఉన్నాయి. పెరట్లో చెట్టు ఆ ఏడే మొదటిసారి కాసింది. అత్తయ్య తనకోసమే మగ్గేయించుకున్నారేమో అనుకుని దీవెన సంతోషంగా తొక్క తీసి, గింజలు ఏరి, మెత్తగా పిసికింది. పెరుగుముద్దలో కలిపి పప్పుగుత్తితో చిలికి, స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్జులో పైఅరలో పెట్టింది. గడ్డకట్టి పలుకులు తేలకుండా మధ్యమధ్యలో తీసి గరిటెతో కలుపుతూనే ఉంది.

డబ్బా తీసిన ప్రతిసారీ ఇల్లంతా సపోటా వాసన వచ్చింది. రుచి పోయింది గానీ యేసమ్మ ముక్కు పోలేదు. మంచం మీదనుంచి చెయ్యూపి కోడల్ని పిలిచింది.

"బియ్యంలో సపోటాలు ఏం చేశావు?"

"మీకోసమేనండి అత్తయ్యా, పెరుగులో కలిపి..."

యేసమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు నెహెమ్యా గుమ్మంలోనే నుంచుని తల పట్టుకున్నాడు. తొలికాపు పండ్లవి. రెండో పంట దాళ్వా కోతలయ్యాక వచ్చే కోతల పండుగకి చర్చిలో పెట్టాలని, తనకి రోగం రాకముందే యేసమ్మ ఆ చెట్టు కింద నుంచుని మొక్కుకుంది. కోయించి బియ్యంలో పెట్టించిందీ అందుకే. పండుగ మర్నాడే. ఆ మాట దీవెనకి చెప్పడం అతను మరిచిపోయాడు. దీవెన పుట్టిల్లు దెందులూరు. నాన్న స్కూలు టీచరు. వాళ్ళకి చెట్టూ లేదు, చేనూ లేదు. పండుగకి కవరులో డబ్బు పెట్టి ఇచ్చేవారు. తొలికాపు ఎవరూ నోట పెట్టరన్న సంగతి ఆ పిల్లకి తోచలేదు.

"బజారు సపోటాలు తెచ్చి మళ్ళీ చేస్తానండి. ఇది చర్చికి ఇచ్చేద్దాం" అంది దీవెన.

యేసమ్మ తల అడ్డంగా ఊపింది. "దేవుడిది తీర్చకుండా నా నోట్లో ఏదీ పెట్టకండి. రేపు ఆ డబ్బా బల్ల మీద పెట్టండి. వేలంపాటలో పాడి తెచ్చుకోండి. అప్పుడు తింటాను."

"ఆరాధన అయ్యి పాట పెట్టేసరికి మధ్యాహ్నం అవుద్దండీ. ఎండకి కరిగిపోద్ది."

"కరగనియ్. ఇంకో మాట. నాకోసమని ఎవరికీ చెప్పకండి. చెబితే జాలిపడి పాట ఆపేస్తారు. అది పాటవదు."

అంతే. మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంది. దీవెనకి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఆ చెట్టు మీద, ఆ మొక్కు మీద, చెప్పడం మరిచిన మొగుడి మీద వరసగా కోపమొచ్చింది. ఈ మనిషి గొట్టం వేయించుకోదు, తిండి తినదు. ఇక మిగిలింది ఆ డబ్బా ఒక్కటే.

సాయంత్రం కరెంటు పోయింది. వేసవిలో అది రోజూ పోయేదే. ఆ రోజు మాత్రం రాలేదు. ఎక్కడో లైను తెగిందన్నారు. దీవెన ఫ్రిజ్జు తలుపు తెరవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నెహెమ్యా సైకిలేసుకుని తను పనిచేసే చేపల ప్యాకింగు షెడ్డుకి పరిగెత్తాడు. థర్మోకోలు పెట్టె నిండా ఐసుపొడి తెచ్చాడు. దీవెన ఉప్పు డబ్బా తీసి గళ్ళుప్పు దోసిళ్ళతో పొయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చిదానా, ఐసులో ఉప్పేస్తావా! షెడ్డులో అలా చేస్తే ఉద్యోగం ఊడుద్ది. కరిగిపోద్ది."

"కరిగేటప్పుడే చలి ఎక్కువవుద్దండీ. మా ఊళ్ళో ఐసుక్రీము బండి అతను ఇలాగే చేసేవాడు. మీరు చెయ్యి తియ్యండి."

చేపల ఐసు నీళ్ళు నోటికి పనికిరావని డబ్బా మూతకి పాలిథీన్ కవరు చుట్టి రబ్బరు బాండ్లు బిగించింది. డబ్బాని ఐసులో మెడ దాకా దించి అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. తెల్లారి మూత తీసి గరిటె గుచ్చితే నిలబడింది. గడ్డకట్టింది. దీవెన మూత బిగించి, కవరు మళ్ళీ చుట్టింది. రాత్రి సాగిపోయిన బాండ్లలో ఒకటి తెగింది. వెతికే తీరిక లేక ఉన్నవాటితోనే సరిపెట్టింది.

యేసమ్మ ఆటోలో వచ్చి చర్చిలో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కరెంటు లేని ఫ్యాను అది. బల్ల మీద వరికంకులు, గుమ్మడికాయలు, పళ్ళెం నిండా బూరెలు, కాళ్ళు కట్టిన పుంజు, బకెట్టులో కొరమేనులు. బల్ల కింద థర్మోకోలు పెట్టె. దీవెన కళ్ళు దానిమీదే ఉన్నాయి. పెట్టె మూలనుంచి నీళ్ళు గచ్చు మీదికి సన్నగా కారుతున్నాయి. పాస్టరు అయ్యగారు ఆరోజు ఎందుకో మంచి ఉత్సాహంలో ఉన్నారు. ప్రసంగం ముగిస్తున్నానని రెండుసార్లు అని, రెండుసార్లూ మళ్ళీ మొదటికి వెళ్ళారు. గచ్చు మీది నీటిగీత ముందు వరసలో కూర్చున్న పిల్లల కాళ్ళదాకా వచ్చింది.

పాట నడిపేది సంఘపెద్ద ఏసోబు. గుమ్మడికాయ పోయింది, పుంజు పోయింది. దీవెన లేచి వెళ్ళి, "ఏసోబు గారూ, మాది ముందు పెట్టండి" అని బతిమాలింది. ఆయన నవ్వాడు. "యేసమ్మ గారి కానుకమ్మా. ఆవిడది ఎప్పుడూ ఆఖర్నే. అదే గౌరవం."

ఆ గౌరవం తగలెయ్య, అనుకుంది దీవెన. నిజానికి ఆయన తప్పేం లేదు. ప్రతి ఏడూ ఆ పాటని పరుగెత్తించేది యేసమ్మే. ఎవరి కానుకా తక్కువకి పోకుండా గొంతెత్తి పెంచి పెంచి ఊరిని నవ్వించేది. ఆ మనిషి ఇప్పుడు నోరు మెదపకుండా కూర్చుని ఉంటే చూడలేక, జనమంతా ఆమె పేరు నిలబెట్టాలని వచ్చారు.

ఆఖరికి డబ్బా పైకి వచ్చింది. నెహెమ్యా పాడాడు. వెనక వరసలోంచి చేపల చెరువుల పాపారావు పెంచాడు. నెహెమ్యా పెంచాడు. పాపారావు నవ్వుతూ మళ్ళీ పెంచాడు. యేసమ్మ పిన్ని తొలికాపు తక్కువకి పోతే మాకు పరువా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన కూడా కలిశాడు. డబ్బా ఏసోబు చేతుల్లో చెమటలు కక్కుతోంది. ఆయన దాన్ని ఊపి చూపిస్తుంటే లోపల జారిన చప్పుడు దీవెనకి వినిపించింది. గరిటె నిలబడిన గడ్డ, ఇప్పుడు డబ్బా గోడలకి తగిలి పలుకుతోంది.

నెహెమ్యా తల దించుకున్నాడు. వాళ్ళ తాహతు అయిపోయింది. "ఒకటోసారి" అన్నాడు ఏసోబు. "రెండోసారి..."

దీవెన లేచి నుంచుంది. చర్చిలో కీర్తన పాడటానికి తప్ప ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. "ఆపండి!" అని అరిచింది. "ఆపండి బాబూ! అది మా అత్తయ్య అన్నం. ఎన్నాళ్ళయిందో ఆవిడ ముద్ద మింగి. ఇది మొక్కు తీరితే తింటానన్నారు. కరిగిపోతోంది. తినకపోతే..."

పాపారావు లేచి నుంచున్నాడు గానీ ఏం చెయ్యాలో తెలియక కండువా నలుపుతున్నాడు. ఏసోబు డబ్బా నెహెమ్యా చేతిలో పెట్టబోయాడు. అప్పుడు కుర్చీలోంచి యేసమ్మ చెయ్యి పైకి లేచింది. ఆగమన్నట్టు లేచింది. ఆ వేలు నెహెమ్యాని దాటి, పాపారావుని చూపించింది. పెద్ద పాట అతనిదే.

"మూడోసారి" అన్నాడు ఏసోబు.

పాపారావు వచ్చి డబ్బా అందుకున్నాడు. తిన్నగా యేసమ్మ దగ్గరికి నడిచి నేల మీద కూర్చున్నాడు. "పాడుకున్నాను కాబట్టి ఇది నాది పిన్నీ. నా ఇష్టం వచ్చినవాళ్ళకి పెడతాను. కాదంటావా?"

యేసమ్మ కాదనలేదు. దీవెన కవరు విప్పింది. లోపల సగం గడ్డ, సగం జారుడు. కాస్త చెంచాతో తీసి పెదవులకి ఆనించింది. యేసమ్మ నోరు తెరిచింది. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మేస్తుందని దీవెన దోసిలి పట్టింది. గొంతు ఒక్కసారి పైకి లేచి, దిగింది. మింగింది.

యేసమ్మ కళ్ళు మూసుకుంది. నాలుక పెదవుల మీద తిప్పి చూసుకుంది. తెగిన రబ్బరు బాండు దగ్గర కవరు జారి, గళ్ళుప్పు నీళ్ళు మూత అంచులోంచి లోపలికి దిగిన సంగతి దీవెన అప్పుడే చూసింది. ప్రాణం ఉసూరుమంది.

యేసమ్మ కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది.

"ఉప్పు ఎక్కువైందమ్మాయ్" అంది.

దీవెన అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టి చర్చంతా వినపడేలా ఏడ్చింది. యేసమ్మ ఆ తల మీద చెయ్యి వేసి, రెండో చేత్తో డబ్బా దగ్గరికి లాక్కుంది.