ఇంకో టబ్బు

మా చెల్లి మర్గీతకు ఆరేళ్ళప్పుడు బడివాళ్ళు ఓ పరీక్ష పెట్టారు. బల్ల మీద బొమ్మల అట్టలు పరిచారు: కప్పు, చెంచా, చొక్కా, సాక్సు, ఒక నీళ్ళ టబ్బు.

"కడగాల్సినవన్నీ టబ్బులో పెట్టమ్మా," అంది పరీక్షావిడ.

మర్గీత చొక్కా, సాక్సు పెట్టింది. కప్పునీ చెంచానీ ముట్టుకోలేదు. ఎన్నిసార్లు చెప్పినా తల అడ్డంగా ఊపింది.

మేం రోమా జాతివాళ్ళం, జనం జిప్సీలంటారు; మా ఇళ్ళలో బట్టలుతికే టబ్బులో గిన్నె పడిందంటే ఆ గిన్నె ఇక చెత్తలోకే. ఒకసారి సాక్సు తగిలిందని మా నానమ్మ కొత్త కుండను విసిరికొడితే, అది స్లోవాకియా సరిహద్దు దాటి పోలండ్‌లో పడింది.

పరీక్షావిడకు నానమ్మ తెలియదు. మందబుద్ధి అని తేల్చి, మర్గీతను మందబుద్ధుల బడికి పంపింది. అక్కడున్నవాళ్ళంతా మా రోమా పేట పిల్లలే. దేవుడు మందబుద్ధిని సరిగ్గా మా పేట చివరి ఇంటిదాకా పంచి, అక్కడ ఆపేశాడన్నమాట. ఏళ్ళ తరబడి కోడిపిల్లల బొమ్మలకు రంగులు వేయించారు. అవన్నీ లేచి నడిచుంటే స్లోవాకియాలో మనుషులకు నిలబడే చోటుండేది కాదు.

అమ్మ కోర్టుకెక్కింది. కోర్టు పరుగో పరుగు. కేసు వేసినప్పుడు పాలపళ్ళు ఊడుతున్న మర్గీత, చివరి వాయిదా నాటికి నాకంటే పొడుగైంది. ఇప్పుడు తనకు నర్సు చదువు కావాలి. ఆ బడి సర్టిఫికెట్ చూపిస్తే నర్సుల కాలేజీలో లోపలికి కూడా రానివ్వరు. ముందు మామూలు బడిలో చేర్చుకోమని కోర్టు చెప్పాలి.

"పరీక్ష అందరికీ ఒకటేనండి. ఇందులో జాతి ఊసెక్కడుంది?" అన్నాడు బడి తరఫు లాయరు.

జడ్జిగారు పెద్దావిడ. ఆ అట్టలే తెప్పించి మర్గీత ముందు పెట్టించింది.

"అన్నీ పడేసెయ్ తల్లీ! ఒక్కసారికి నానమ్మ ఏమనుకోదులే," అని వెనకనుంచి గొణిగాను.

"నోర్ముయ్ రా దెజో," అంది అమ్మ.

మర్గీత చొక్కా, సాక్సు టబ్బులో పెట్టింది. కప్పు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. మా లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇంకో టబ్బు ఇప్పించండమ్మా," అంది మర్గీత.

జడ్జి, సాక్షిగా వచ్చిన పరీక్షావిడ వైపు తిరిగింది.

"మీ ఇంట్లో కాఫీ కప్పులు సాక్సులతో కలిపి కడుగుతారా?"

"లేదండీ. కానీ ఇది బొమ్మలాట కదా, పిల్లలు మామూలుగా అన్నీ పెట్టేస్తారు."

"ఈ పిల్ల ఎందుకు పెట్టలేదో అడిగారా?"

"అడగలేదండీ." ఆవిడ గొంతు తగ్గింది. "వీళ్ళు ఇంతేలే అనుకున్నాను."

అన్యాయం జరిగింది, జాతిని చూసే జరిగింది, క్షమాపణ చెప్పి మామూలు బడిలో చేర్చుకోవాలి అని తీర్పొచ్చింది.

అమ్మ లేచి నిలబడింది. "మరి పోయిన ఏళ్ళండీ?"

జడ్జి కళ్ళజోడు తీసింది. "అవి తిరిగివ్వడం నా చేతిలో లేదమ్మా."

సెప్టెంబరులో బళ్ళు తెరవగానే, చదువు రాలేదని చిన్నపిల్లల మధ్య వేసిన ఐదో తరగతిలో మర్గీతను దింపింది నేనే. మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిప్పి కూర్చుంది.

"ఈ బల్లకే బుద్ధి మందం. ఇన్నేళ్ళలో ఒక్క ఇంచీ ఎదగలేదు," అన్నాను.

తను నవ్వలేదు. "వెళ్ళు అన్నయ్యా, టీచరొస్తోంది."

కిటికీ బయట ఆగాను. బోర్డు మీద భాగహారం వేశారు. పిల్లలంతా చకచకా చేసేస్తున్నారు. మర్గీత పెన్సిలు కదల్లేదు. పక్కన కూర్చున్న చిట్టి పిల్ల ఒకసారి తలెత్తి మా చెల్లిని చూసింది. తన పుస్తకం మధ్యకు జరిపింది. మర్గీత వంగి, ఆ పిల్ల వేలు ఎటు కదిలితే అటు చూస్తూ, ఒక్కో అంకె వేసుకోసాగింది.