డ్యూటీ మనిషి

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే సంధ్యారాణి గరిటె పట్టుకుని కుక్కర్‌కు కాపలా నిలబడింది. ఆవిరి బుసలు కొట్టడం మొదలుపెట్టగానే, కూత పడకముందే, గరిటె కాడతో విజిల్‌ను కొంచెం పైకెత్తి గాలి వదిలేస్తుంది. బొగ్గుబాయిలో మొగుడికి నైట్ షిఫ్టు పడిన వారంలో ఆ ఇంట్లో కుక్కర్ కూయకూడదు. గిన్నెలు తోమేటప్పుడు తొట్టి అడుగున పాత గోనెపట్టా పరవాలి. బట్టలు బండకేసి కొట్టకూడదు, చేత్తో పిసకాలి. కూరగాయలామె కేకేసే లోపే గేటు దాకా పరుగెత్తి నోటి మీద వేలు పెట్టి చూపించాలి. గోదావరిఖని క్వార్టర్లలో పుట్టిన పిల్ల కాబట్టి ఇవేవీ ఆమెకు ఒకరు నేర్పలేదు. తండ్రి బొగ్గుబాయి నుంచి వచ్చి పడుకున్న పగళ్లలో తల్లి ఎలా నడిచేదో చూసి, తనూ మునివేళ్ల మీద నడవడం నేర్చుకుంది.

"డ్యూటీ మనిషి పండుకున్నడు, జర మెల్లగ." అత్త లస్మవ్వ నోట్లో రోజంతా నానేది ఆ ఒక్క మాటే.

నిజానికి ఆ పగటిపూట ఆ ఇంట్లో డ్యూటీలో ఉన్న మనిషి సంధ్యారాణే. హైదరాబాద్ కంపెనీ ఒకటి అనంతపురం వైపు కొండల మీద గాలిమరలు నిలబెట్టింది. అక్కడ మనుషులెవరూ కాపురం ఉండరు. మరలు తమ బాగోగులు తామే నెట్ ద్వారా చెప్పుకుంటుంటే, కంపెనీ ఉద్యోగులు ఎవరింట్లో వాళ్లు కూర్చుని షిఫ్టుల వారీగా చూస్తుంటారు. పెద్దపల్లిలో డిప్లొమా చదివిన సంధ్య, వంటింటి మూలన కుట్టుమిషన్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తుంది. ముందుగదిలో కూర్చుందామంటే టీవీకి అడ్డం, లోపలి గదిలో డ్యూటీ మనిషి. తిరిగే మర తెర మీద పచ్చగా ఉంటుంది, ఆగితే ఎర్రబడుతుంది. కబురు తెగిపోతే మాత్రం బూడిదరంగు. ఎరుపంటే ఆమెకు భయం లేదు, ఏమైందో తెలుస్తుంది కదా. బూడిదరంగు చూస్తేనే భయం, అక్కడ ఏం జరుగుతున్నదీ తెలియదు.

"పంకలు తిరుగుతున్నయా లేదా అని చూసుడు గూడ ఒక పనేనా?" అని అత్త మొదట్లో ఆశ్చర్యపోయేది. తర్వాత ఆశ్చర్యపోవడం మానేసి పనులు చెప్పడం మొదలుపెట్టింది. మొగుడు రఘుపతి చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పోట్లాట తేలికయ్యేది. "ఇంట్లనే ఉంటవు గద" అని నవ్వుతూనే గ్యాస్ బండ, కరెంటు బిల్లు, బిడ్డ సహస్ర బడి బస్సు ఆమె నెత్తిన పెట్టేస్తాడు. ఆమెకూ రాత్రి షిఫ్టు పడే వారాలున్నాయి. మర్నాడు ఆమె కళ్లు మూసుకున్న గది పక్కనే టీవీ మోగుతుంది, కుక్కర్ గొంతెత్తి కూస్తుంది. జర సౌండ్ తగ్గించమని ఒకసారి అడిగింది. "నీదేమన్న బాయిల దిగుడా? కుర్సీల కూసునుడే గద" అన్నాడు రఘుపతి. అందులో అబద్ధం లేదు. బొగ్గుబాయిలో దిగి వచ్చిన మనిషి నిద్రను ఏ ఆడది కాదంటుంది? కోపం మాత్రం వచ్చింది, చాలా వచ్చింది.

ఆ పొద్దున కొండ మీది మెకానిక్ ఓబులేసు ఫోన్ చేశాడు. "మేడం, మూడో మరలోకి ఎక్కుతాండాం. నేనూ, రామాంజులూ."

ఎక్కే ముందు వాళ్లు కిందనున్న స్విచ్‌ను తమ వైపు తిప్పుకుంటారు. అది అలా ఉన్నంతసేపు ఇక్కడి నుంచి ఎవరు నొక్కినా మర తిరగదు. దిగాక స్విచ్‌ను మళ్లీ ఇటు తిప్పి, అందరూ దిగామని నోటితో చెప్పాలి. అది విన్నాకే స్టార్ట్ నొక్కాలి, రూలది. కానీ కొండ మీద సిగ్నల్ అంతంతమాత్రం. కొన్నాళ్లుగా ఓబులేసు ఒక రింగిచ్చి కట్ చేస్తే దిగినట్టే లెక్క. ఆ పద్ధతి ఆమెకూ నచ్చింది. మిస్డ్ కాల్‌కు నోరు తెరిచే పని లేదు, ఎవరి నిద్రా చెడదు.

రఘుపతి వచ్చి పడుకోగానే ఆమె ఎప్పటిలాగే ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టింది. బల్ల మీద గరగరలాడుతుందని, మడతపెట్టిన తువ్వాల మీద పెట్టింది.

ఇప్పుడు కుక్కర్ దించి వచ్చి చూసేసరికి తెర మీద కొండంతా బూడిదరంగు. ఆమె కుర్చీలో కూర్చునేలోపే ఒక్కొక్క మరకూ మళ్లీ రంగు వచ్చింది. మూడోది ఎర్రగా, సిద్ధంగా ఉంది. స్విచ్ ఇటే తిప్పి ఉంది. తువ్వాల మీది ఫోన్‌లో ఓబులేసు మిస్డ్ కాల్.

వెంటనే హెడ్‌ఫోన్‌లో హైదరాబాద్ నుంచి పై అధికారి విష్ణువర్ధన్ గొంతు. "సంధ్య గారూ, మూడో నంబర్ రెడీగా ఉంది కదండీ. గాలి బ్రహ్మాండంగా ఉంది, స్టార్ట్ చేసెయ్యండి."

"సార్, వాళ్లు దిగినమని చెప్పలే" అంది గుసగుసగా.

"ఏంటండీ? మీరెప్పుడూ ఇంతే, చెవిలో రహస్యం చెప్పినట్టు మాట్లాడతారు."

"మిస్డ్ కాల్ ఒక్కటే ఉంది సార్."

"రోజూ అదే కదండీ. స్విచ్ కూడా తిప్పేశాడు. ఇంకా దేనికి ఆలస్యం?"

దేనికో ఆమెకూ తెలియదు. మౌస్ మీద చెయ్యి పెట్టింది. బాణం స్టార్ట్ మీదికి వెళ్లింది, వేలు నొక్కడమే తరువాయి. ఒక రింగిచ్చి ఓబులేసే కట్ చేశాడా, లేక ఎత్తుతుందేమోనని మోగించి మోగించి విసిగిపోయాడా? ఫోన్‌ను మోగనిచ్చి ఉంటే తెలిసేది. ల్యాంపు రూములో నెత్తి మీది ల్యాంపు తిరిగిచ్చేదాకా మనిషి బాయిలోంచి వచ్చినట్టు కాదని ఈ బొగ్గుబాయి క్వార్టర్లలో పసిపిల్లకు కూడా తెలుసు.

"ఒక్క నిమిషం సార్" అని ఓబులేసుకు కలిపింది. అందుబాటులో లేడు. మళ్లీ కలిపింది. ఈసారి హోరున గాలి, మధ్యలో ఎక్కడో మనిషి.

"ఓబులేసన్నా, అందరు దిగిండ్రా?"

"ఏందీ? ఇనపల్యా మేడం!"

"దిగిండ్రా?" గుసగుసను కొంచెం పెంచి అంది.

"గాలి మేడం! గట్టిగా చెప్పండి! కట్ అయితాంది..."

ఆమె లోపలి గది తలుపు వైపు చూసింది. పెళ్లయ్యాక నైట్ షిఫ్టు వారాల్లో పగలు ఒక్కసారి కూడా ఆమె గొంతు పెంచలేదు. వేడి నూనె చేతి మీద పడిన రోజున కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు అరుద్దామన్నా గొంతు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. లేచి నిలబడింది.

"ఓబులేసన్నా! అందరు దిగిండ్రా లేదా? మనిషి పైన ఉన్నడా?"

ఇల్లు అదిరింది.

"రామాంజులు పైననే ఉండాడు మేడం! గేరు కాడ చెయ్యి పెట్టినాడు. నేను సామాను కోసరం దిగి, స్విచ్ పనిచేస్తాందో లేదోనని మీ పక్కకి తిప్పి చూస్తాండా. స్టార్ట్ చెయ్యొద్దని చెప్పేకే ఫోన్ చేస్తి, మీరు ఎత్తల్యా!"

మౌస్ మీది చెయ్యి చటుక్కున లాక్కుంది. "స్విచ్ మీ దిక్కు తిప్పు! ఇప్పుడే! రామాంజులు దిగినంక నోటితోని చెప్పు. ఇగ మిస్డ్ కాల్ వద్దన్నా. మోగనియ్యి, నేను ఎత్తుత."

అదే గొంతుతో విష్ణువర్ధన్‌కూ చెప్పింది. "సార్, మనిషి పైన ఉన్నడు. నేను స్టార్ట్ చెయ్య." అటునుంచి "థాంక్సండీ" అన్నాడు, ఈసారి ఆయనే గుసగుసగా.

కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడుపొచ్చింది. భయంతో వచ్చింది, సిగ్గుతో వచ్చింది, అన్నిటికంటే కోపంతో వచ్చింది. ఒక మనిషి ప్రాణాన్ని తువ్వాల మీద మెత్తగా పడుకోబెట్టి తను పప్పుకు కాపలా పోయింది. తువ్వాల తీసి అవతల పడేసింది. ఫోన్ సౌండ్ నిండా పెంచి ఉత్త బల్ల మీద పెట్టింది.

లోపలి తలుపు తెరుచుకుంది. లుంగీ ఎగ్గట్టుకుంటూ, కళ్లు ఎర్రగా, రఘుపతి. "ఏంది లొల్లి? డ్యూటీ చేసచ్చి పండుకున్న మనిషి ఉన్నడన్న సోయి లేదా?"

గడపలో లస్మవ్వ నిలబడి ఉంది. మరో రోజైతే కొడుకు మాటకు రెండు జోడించేది. ఒకప్పుడు బాయిలో పైకప్పు కూలిన రోజున, పెనిమిటి పోశం కోసం పొద్దుగూకేదాకా బాయి బయట కూర్చున్న మనిషి ఆమె. "పైనున్న పిలగాడు దిగిండా బిడ్డా?" అంది.

"ఇంక దిగలేదత్తా."

"ఎవడు దిగుడు? ఎక్కడ దిగుడు?" రఘుపతి గొంతు పెంచాడు. "ముందుగాల ఆ ఫోన్ సైలెంట్ల పెట్టు!"

అప్పుడే ఫోన్ మోగింది. ఆ చిన్న క్వార్టర్‌లో, పట్టపగలు, గోడలు దద్దరిల్లేలా మోగింది. సంధ్య ఫోన్ చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి మొగుడి వైపు అడ్డంగా చాపింది.

"జర మెల్లగ మాట్లాడు బావా," అంది. "నేను డ్యూటీల ఉన్న."