సుకన్యక్క మీద కట్టిన పాట

బోధన్‌లో ర్యాప్ పాడేవాళ్లం నలుగురమే. అయినా పెద్ద ఊళ్ల పాటలు వినీ వినీ, ర్యాపర్ అన్నాక ఒక పగవాడు ఉండాల్సిందే అనుకున్నాను. అందుకే రెండేళ్ల కింద భీమ్‌గల్‌లో పాడే సుకన్య మీద పాట కట్టాను. నాట్లేసే పాటకు బీటు కలిపితే ర్యాప్ అయిపోతుందా అని ఎగతాళి చేశాను. జనం బాగానే విన్నారు. తర్వాత నాకే అది వినబుద్ధి కాలేదు.

మొన్న నిజామాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు ఇద్దరినీ పిలిచారు. స్టేజీ వెనక ఆమె ఎదురుపడింది.

"అక్కా, గా పాట తప్పయింది. తీసేస్తా," అన్నాను.

"గది ఇన్ననాడు మస్తు ఏడ్సిన జయరాజ్. మల్ల గసుంటి నాట్ల పాటలే ఇంకో పది రాసిన," అని నవ్విందామె. "తీసెయ్ తమ్మీ. ఇయ్యాల మాత్రం మీ ఇంట్ల మాట్లాడే మాటలల్ల పాడు."

పెద్ద ఊళ్ల మాటల్లో రాసుకొచ్చిన పాట పక్కన పెట్టి, మా అవ్వ చెరుకు కోతల దగ్గర మాట్లాడే మాటల్లోనే అప్పటికప్పుడు అల్లి పాడాను. మధ్యలో మాట తడబడితే, పక్క నుంచి సుకన్యక్క అందుకుంది.