మూడక్షరాల మాట

మాస్టారు బల్లమీద వేలికణుపుతో మళ్ళీ కొట్టారు. "పార్-ల-నో. బరువంతా మొదటి ముక్క మీద. నడిమి దాన్ని తేలిగ్గా వదిలెయ్యండి."

బృందగానం వాళ్ళందరూ మళ్ళీ నడిమి ముక్క మీదే కూర్చున్నారు. ఇటాలియన్‌లో ఆ మాటకు 'వాళ్ళు మాట్లాడతారు' అని అర్థం. 'మేము మాట్లాడతాం' అనేటప్పుడు బరువు నడుమకు జరుగుతుంది. దాన్ని పట్టుకుని అన్నిటికీ అదే తగిలిస్తారు ఈ మహానుభావులు. తెలియని భాషలో పాడేవాళ్ళకు మాటలు ముక్కలు చేసి అందించడమే ఆయన ఉద్యోగం. ఆ టకటకకి వాళ్ళు పెట్టిన పేరు వడ్రంగిపిట్ట. ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉంటారు.

ఇవాళ మాత్రం ఆయన మనసు మనసులో లేదు. కాలుగాలిన పిల్లిలా పియానోకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నారు. అమ్మ పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన అక్కకి, చలికాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటా పోయింది. రోజూ సాయంత్రం ఆమె ఎడమ అరచేతిలో వేలితో కొడుతూ మాటలు ముక్కలు చేసి పలికిస్తారు. పెదవులు కదులుతాయి, గొంతు రాదు. అక్క నోట ఒక్క మాట వింటే ఇంకేమీ అక్కర్లేదు ఆయనకి. ఈ పొద్దున ఆ గొంతులో ఏదో గరగరమంది. అప్పట్నుంచీ ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది. పక్కింటి పిన్నిగారికి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, నిద్రపోతోందయ్యా, నన్ను చంపకు అని ఆవిడ విసుక్కుంది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా మంచం పక్కన కూర్చుని అక్క అరచెయ్యి అందుకున్నారు. త-మ్ము-డు. మళ్ళీ. త-మ్ము-డు. ఎంతసేపు కొట్టారో ఏమో, ఆమె నుదురు చిట్లించి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చా... లు... రా."

"ముక్కలు బాగానే పడ్డాయక్కా. చివరిది తేలిపోయింది, దానిమీద కాస్త బరువు వెయ్యి. ఏదీ, మళ్ళీ."

ఆమె మూతి ఒక పక్కన నవ్వింది. ఎడమ చేత్తో తమ్ముడి జుట్టు చెరిపి, తన కళ్ళజోడు తీసి దిండు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుంది.

పాలు వెచ్చబెడదామని ఆయన వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యి వెలిగించాక గానీ ఆయన బుర్రలో వెలగలేదు. అక్క మాట్లాడింది. ఇన్నాళ్ళూ దేనికోసం అంగలార్చారో ఆ మాట వచ్చింది; వస్తే తాను చేసిన నిర్వాకం, తప్పు దిద్దడం. పరుగున వచ్చి మంచం పట్టె పట్టుకున్నారు.

"అక్కా, నీ ఇష్టమొచ్చినట్టు అను. ఎలా అన్నా బాగుంటుంది."

అక్క వినలేదు. ఎడమ అరచెయ్యి పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోలేదు, గుండెల మీద దుప్పటి కదలడం లేదు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆయన లేవలేదు.

దిండు పక్కన కళ్ళజోడు తెరిచే ఉంది, ఎడమ అద్దం మీద ఆమె బొటనవేలి చెమ్మ ఇంకా ఆరలేదు.